చెక్కు ఓనరుకు, నోటీసు కిరాయిదారుకు: దుకాణం మారే చిన్న కాఫీ వ్యాపారి లెక్క ఎవరు చూస్తారు?

పాతబస్తీలో దారుల్‌షిఫా నుంచి షాలీబండ వైపు నడిస్తే రోడ్డు పక్కన సగానికి కోసిన బిల్డింగులు కనిపిస్తాయి. పైన గదుల గోడలకు వేసిన రంగులు బయటికి కనిపిస్తుంటాయి, కింద షట్టర్ ఊడిన మల్గీలు ఉంటాయి. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్ల మెట్రో లైను కోసం జరుగుతున్న పని ఇది. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఫలక్‌నుమాలో దీనికి శంకుస్థాపన చేశారు. 2025 జనవరిలో ఆస్తుల యజమానులకు చదరపు గజానికి రూ.81 వేల లెక్కన చెక్కులు ఇవ్వడం మొదలైంది. ఆ వెంటనే కూల్చివేతలు కూడా మొదలయ్యాయి. ఈ లైను మీద దాదాపు 1,100 ఆస్తులు ప్రభావితమవుతాయని అధికారులు మొదట్లో చెప్పారు.

ఆస్తి అంటే గజాలు, గోడలు. వాటికి రేటు కట్టడం తెలిసిన పనే. కానీ ఆ మల్గీల్లో చాలావాటిలో వ్యాపారం చేసేది ఓనరు కాదు, కిరాయిదారు. పొద్దున ఫజర్ తర్వాత షట్టర్ ఎత్తి, రాత్రి పదకొండుకు దించే చాయ్ దుకాణం, కాఫీ కౌంటర్, బేకరీ, పాన్‌షాపు అతనివే. బిల్డింగు పోతే ఓనరుకు గజాల లెక్కన డబ్బు వస్తుంది. పదేళ్లు, ఇరవై ఏళ్లు అదే మూల మీద గిరాకీ పెంచుకున్నవాడికి ఏం వస్తుంది? దుకాణం ఇంకోచోటికి మార్చుకోమంటే ఆ మార్చుకునే ఖర్చు ఎవరిది?

ఇది మెట్రోతో ఆగే ప్రశ్న కాదు. అమీర్‌పేటలో ఓనరు పాత బిల్డింగు పడగొట్టి కొత్తది కడతానంటాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో అగ్రిమెంటు అయిపోగానే కిరాయి ఒకటిన్నర రెట్లు అడుగుతాడు. సైనిక్‌పురిలో ఇంటి కింద నడిపే చిన్న కెఫేకు పార్కింగ్ లేదని పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తారు. కారణం ఏదైనా చివరికి జరిగేది ఒకటే. డికాక్షన్ ఫిల్టర్లు, పాల గిన్నెలు, గ్రైండర్, కౌంటర్ అన్నీ ఆటో ట్రాలీలో ఎక్కించి కొత్త గల్లీ వెతుక్కోవాలి. సామాను ఒక్క రాత్రిలో కదులుతుంది. గిరాకీ కదలడానికే నెలలు పడుతుంది.

కాగితం మీద లెక్క

ఒక చిన్న కాఫీ దుకాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలు మాత్రమే. రోజుకు 400 కప్పులు, కప్పు 20 రూపాయలు. పాలు, పొడి, చక్కెర, గ్యాసు, కప్పు, పన్ను కలిపి ఒక్కో కప్పు మీద 11 రూపాయలు పోతాయి, 9 మిగులుతాయి. అంటే నెలకు రూ.1,08,000. ఇందులో ఇద్దరు ముగ్గురు పనివాళ్ల జీతాలు రూ.45,000, కిరాయి రూ.20,000, కరెంటు, నీళ్లు, చిల్లర ఖర్చులు రూ.8,000. మొత్తం రూ.73,000 పోతే ఓనరు ఇంటికి తీసుకెళ్లేది రూ.35,000.

ఇప్పుడు ఈ దుకాణం రెండు కిలోమీటర్ల దూరం మారింది. కొత్త మల్గీ కిరాయి రూ.30,000. పాత గిరాకీలో పదిమందిలో ముగ్గురు రాలేదు. రోజుకు 280 కప్పులు. చేతికి వచ్చేది రూ.75,600, పోయేది రూ.83,000. నెలకు రూ.7,400 నష్టం. నష్టం లేకుండా బయటపడాలంటే రోజుకు 308 కప్పులు అమ్మాలి. పాతచోట మిగిలినట్టే రూ.35,000 మిగలాలంటే 437 కప్పులు కావాలి. అంటే కొత్తచోట పాత గిరాకీ మొత్తం తిరిగొచ్చినా సరిపోదు, దాని కంటే ఎక్కువ రావాలి.

దీనికి దుకాణం మూసి ఉన్న రోజులు కలపాలి. పదిహేను రోజులు మూస్తే పనివాళ్ల జీతాలు రూ.22,500 ఆగవు. ఆపితే కాఫీ కలిపే ఉస్తాద్ వేరే దుకాణంలో చేరిపోతాడు, అతని చేతి రుచి అతనితోనే పోతుంది. రెండు చోట్లా సగం నెల కిరాయిలు కలిపి రూ.25,000. ఒక్క కప్పు అమ్మకుండానే రూ.47,500 ఖర్చు. ఆరు నెలల అడ్వాన్సు అడిగితే ఇంకో రూ.1,80,000 ఓనరు దగ్గర చిక్కుకుంటుంది. వడ్డీకి తెచ్చిన డబ్బయితే దాని మిత్తి వేరే.

మరి కప్పు 25 చేస్తే సరిపోతుంది కదా అని ఎవరైనా అనొచ్చు. పాతచోట అయితే రోజూ వచ్చేవాడు కాస్త గొణిగి ఇచ్చేవాడు. కొత్త గల్లీలో పేరు తెలియని దుకాణం ఎక్కువ రేటు చెబితే పక్క దుకాణానికి పోతాడు. అందుకే దుకాణం మారిన నెలలో రేటు పెంచడం చాలామందికి కుదిరే పని కాదు.

గింజ ధర, పన్ను మాట

ఈ కష్టం మంచి కాలంలో రాలేదు. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్‌లో అరబికా కాఫీ ధర పౌండుకు 4 డాలర్లు దాటి రికార్డు సృష్టించింది. బ్రెజిల్‌లో కరువు, వియత్నాంలో పంట తగ్గడం దీనికి ముఖ్య కారణాలు. మన దేశంలో కాఫీ పంటలో దాదాపు 70 శాతం కర్ణాటకదే అయినా, పండిన దాంట్లో ఎక్కువ భాగం విదేశాలకు పోతుంది. కాబట్టి బయట ధర పెరిగితే ఇక్కడ పొడి దుకాణంలోనూ పెరుగుతుంది. అరకు గింజ వాడినా ఈ సెగ తప్పదు.

2025 సెప్టెంబర్ 22 నుంచి ఇన్‌స్టంట్ కాఫీ మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. వినడానికి బాగుంది. కానీ వేయించిన కాఫీ గింజల మీద అంతకుముందే 5 శాతమే ఉంది. ఫిల్టర్ కాఫీ అమ్మేవాడికి ఆ తగ్గింపుతో పెద్దగా ఒరిగింది లేదు.

అతనికి నిజంగా తగిలే పన్ను కిరాయి మీద ఉంది. 2024 అక్టోబర్ 10 నుంచి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని ఓనరు దగ్గర కమర్షియల్ మల్గీ తీసుకుంటే, రిజిస్ట్రేషన్ ఉన్న కిరాయిదారే 18 శాతం జీఎస్టీ నేరుగా సర్కారుకు కట్టాలి. 5 శాతం పన్ను పద్ధతిలో ఉన్న హోటళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. కట్టిన 18 శాతం వెనక్కి రాదు, ఖర్చు కిందే పోతుంది. పై ఉదాహరణలో రూ.30,000 కిరాయి మీద ఇది నెలకు రూ.5,400. అంటే రోజుకు ఇంకో 20 కప్పులు అమ్మాలి, ఆ 20 కప్పుల లాభం సర్కారుకే. కంపోజిషన్ స్కీములో ఉన్నవాళ్లకు మాత్రం 2025 జనవరి 16 నుంచి ఈ భారం తప్పింది. ఏడాది అమ్మకాలు కోటిన్నర లోపు ఉన్న చిన్న కాఫీ దుకాణం కంపోజిషన్‌లో ఉండొచ్చు. కొత్త అగ్రిమెంటు మీద సంతకం పెట్టే ముందే చార్టర్డ్ అకౌంటెంట్‌ని అడిగి తేల్చుకోవాల్సిన మొదటి విషయం ఇదే.

పదకొండు నెలల కాగితం

హైదరాబాద్‌లో మల్గీ అగ్రిమెంటు అంటే పదకొండు నెలలే. ఏడాది దాటిన లీజుకు 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. స్టాంపు డ్యూటీ, ఫీజు తప్పించుకోవడానికి ఓనరు, కిరాయిదారు ఇద్దరూ పదకొండు నెలల కాగితం రాసుకుంటారు. చాలాచోట్ల రెండో ఏడాది నుంచి ఆ కాగితం కూడా ఉండదు, నోటిమాటే. అంతా బాగున్నంత కాలం ఇది సౌకర్యంగానే ఉంటుంది. తేడా వచ్చిన రోజు తెలుస్తుంది దీని బలం ఎంతో. నెలనెలా కిరాయి మీద నడిచే దుకాణాన్ని ఖాళీ చేయించడానికి ఆస్తి బదిలీ చట్టంలోని సెక్షన్ 106 అడిగేది 15 రోజుల నోటీసు మాత్రమే.

కిరాయిదారులను కాపాడే రెంట్ కంట్రోల్ చట్టం ఉంది కదా అని పాత వ్యాపారులు అంటుంటారు. 1960 నాటి ఆ చట్టం తెలంగాణలో ఇప్పటికీ ఉంది. కానీ 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి రూ.3,500 దాటితే అది వర్తించదు. ఈరోజు నగరంలో ఆ కిరాయికి మెయిన్ రోడ్డు మీద మల్గీ కాదు కదా, మెట్ల కింద జాగా కూడా దొరకదు. పాత పగ్డీ మల్గీలు కొన్ని తప్ప మిగతా వ్యాపారులంతా ఈ గొడుగు బయటే ఉన్నారు.

ఓనర్ల మాట కూడా వినాలి. పగ్డీ తీసుకుని తాతల కాలంలో ఇచ్చిన మల్గీకి ఇప్పటికీ వందల్లో కిరాయి తీసుకుంటున్నవాళ్లు పాతబస్తీలో ఉన్నారు. ఆస్తి పన్ను కూడా రాని కిరాయితో బిల్డింగు రిపేరు ఎలా చేయాలని వాళ్లు అడిగేది తప్పేం కాదు. రాసుకున్న లీజు ఉంటే ఈ గొడవ ఇద్దరికీ తగ్గుతుంది. మూడేళ్లో, ఐదేళ్లో కాలం, ఏడాదికి ఎంత శాతం కిరాయి పెరుగుతుంది, ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, సర్కారు జాగా తీసుకుంటే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి అన్నవి అందులో ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు పెట్టిన డబ్బు ఆ రోజు భారంగా అనిపిస్తుంది. ఒక్కసారి దుకాణం మార్చిన ఖర్చుతో పోలిస్తే అది ఎంత తక్కువో పై లెక్కే చెబుతోంది.

చట్టంలో కిరాయిదారు ఉన్నాడు

భూసేకరణలో కిరాయిదారుకు ఏమీ రాదనే మాట బజారులో గట్టిగా పాతుకుపోయింది. 2013 భూసేకరణ చట్టం అలా అనడం లేదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పనిచేస్తూ దాని మీదే బతుకుతున్న కుటుంబాన్ని, భూమి లేకపోయినా, ఆ చట్టం బాధిత కుటుంబం కిందే లెక్కించింది. చిన్న వ్యాపారులకు, చేతివృత్తుల వారికి, స్వయం ఉపాధి వారికి ఒక్కసారి ఇచ్చే సాయం కనీసం రూ.25,000 ఉండాలని రెండో షెడ్యూల్‌లో ఉంది.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఆ మొత్తం. 2013లో రాసిన రూ.25,000 పై ఉదాహరణలోని దుకాణం మూసిన పదిహేను రోజుల ఖర్చులో సగం మాత్రమే. అది కనీస మొత్తం, ప్రభుత్వం తల్చుకుంటే ఎక్కువ ఇవ్వొచ్చు. రెండోది, రుజువు. మూడేళ్లుగా ఇక్కడే వ్యాపారం చేస్తున్నానని చూపించడానికి కాగితం కావాలి. నోటిమాట కిరాయి, నగదు చెల్లింపు, ఓనరు పేరు మీద కరెంటు మీటరు, ట్రేడ్ లైసెన్సు లేని దుకాణం. ఇలాంటివాడు ఇరవై ఏళ్లు అక్కడే కూర్చున్నా సర్వే రిజిస్టర్‌లో కనిపించడు. యజమాని సంతకం చేసి చెక్కు తీసుకున్నాక కిరాయిదారు ఆఫీసుల చుట్టూ తిరిగి రుజువు చేసుకోవడం కష్టం. గుర్తింపు సర్వే రోజే జరగాలి.

బండి మీద కాఫీ అమ్మేవాడికి వేరే చట్టం ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం 30 రోజుల నోటీసు లేకుండా వీధి వ్యాపారిని తరలించకూడదు. 2024 జనవరిలో మాదాపూర్‌లో పేరుపడ్డ ఒక భోజనం బండిని ట్రాఫిక్ కోసం తీయమంటే రాష్ట్రమంతా మాట్లాడింది, ముఖ్యమంత్రి కలగజేసుకుని అక్కడే ఉండనిచ్చారు. ఆ బండికి వీడియోల్లో పేరు ఉంది. పేరు లేని వందల బండ్లకు దిక్కు ఆ 30 రోజుల నోటీసే. అది అడగాలంటే చేతిలో వెండింగ్ సర్టిఫికెట్ ఉండాలి.

మారి నిలబడ్డవాళ్లు

దుకాణం మారితే కథ ముగిసినట్టు కాదు. ఇండియన్ కాఫీ హౌస్ దీనికి పెద్ద ఉదాహరణ. 1950ల్లో కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసేస్తుంటే పనివాళ్లే సహకార సంఘాలు పెట్టుకుని నడిపించారు. కేరళ నాయకుడు ఏ.కె.గోపాలన్ వాళ్ల వెనుక నిలిచారు. ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లోని కాఫీ హౌస్‌ను ఎమర్జెన్సీ కాలంలో కూల్చేశారు. అది మోహన్‌సింగ్ ప్లేస్‌కు మారి కొనసాగింది. బెంగళూరులో ఎం.జి.రోడ్డు మీద అర్ధ శతాబ్దం నడిచిన కాఫీ హౌస్, జాగా యజమానితో కోర్టు వివాదం తర్వాత 2009 ఏప్రిల్‌లో అక్కడ మూతపడి చర్చ్ స్ట్రీట్‌లో తెరుచుకుంది.

బెంగళూరు ఉదాహరణలో చూడాల్సింది దూరం. చర్చ్ స్ట్రీట్ ఎం.జి.రోడ్డుకు వెనకే ఉంది. పాత గిరాకీ నడిచి రాగలిగే దూరం. పేరు అదే, కాఫీ అదే, తలపాగా పెట్టుకున్న వెయిటర్లు అలాగే. మారింది గోడలే. చిన్న వ్యాపారి నేర్చుకోవాల్సింది కూడా ఇదే. ఎక్కువ కిరాయికి దగ్గర్లో చిన్న మల్గీ, తక్కువ కిరాయికి దూరంగా పెద్ద మల్గీ రెండూ దొరికితే పెద్దదాని వైపు మనసు లాగుతుంది. ఉదాహరణ దుకాణంలో రోజుకు 37 కప్పుల గిరాకీ పోతే నెలకు రూ.10,000 పోయినట్టే. కిరాయిలో మిగిలింది గిరాకీలో పోతుంది.

సామాను ఎక్కించే ముందు

కాగితాల పని చాలామంది దుకాణం తెరిచాక చూసుకుంటారు. అక్కడే దెబ్బతింటారు. ఫుడ్ సేఫ్టీ లైసెన్సు ఒక జాగాకు ఇచ్చేది. కొత్త జాగాకు కొత్తగా తీసుకోవాలి. జీహెచ్‌ఎంసీ ట్రేడ్ లైసెన్సు కూడా అంతే. జీఎస్టీలో చిరునామా మార్పును 15 రోజుల్లోపు తెలపాలి. దీనికి కొత్త అగ్రిమెంటుతో పాటు ఓనరు కరెంటు బిల్లు లాంటి ఆధారం అడుగుతారు. ఓనరు ఆ కాగితం ఇస్తాడో లేదో అడ్వాన్సు ఇచ్చే ముందే అడగాలి. ఇచ్చాక అడిగితే ఆట అతని చేతిలో ఉంటుంది.

కరెంటు రెండుసార్లు చూడాలి. పాత బకాయి ఉన్న జాగాకు కొత్త కనెక్షన్ ఇవ్వాలంటే ఆ బకాయి కట్టమని విద్యుత్ సంస్థ షరతు పెట్టొచ్చని 2023 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఎస్ప్రెస్సో మెషిన్ పెట్టేవాళ్లు మంజూరైన లోడు ఎంతో చూసుకోవాలి. ఒక్క మెషినే మూడు నాలుగు కిలోవాట్లు లాగుతుంది.

నీళ్ల సంగతి ఎవరూ చెప్పరు. పాతచోట నల్లా నీళ్లు, కొత్తచోట బోరు నీళ్లయితే అదే పొడితో అదే చెయ్యి కలిపినా రుచి మారుతుంది. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే బాయిలర్‌లో పొర కడుతుంది. ‘దుకాణం మారాక కాఫీ మునుపటిలా లేదు’ అని గిరాకీ అంటే కారణం ఉస్తాద్ కాకపోవచ్చు, నీళ్లు కావచ్చు. తెరిచే ముందు వారం రోజులు కొత్త నీళ్లతో కాఫీ చేసి చూడాలి.

నెల కూడా చూసుకోవాలి. చార్మినార్ చుట్టుపక్కల రంజాన్ రాత్రుల వ్యాపారం చాలా దుకాణాలకు ఏడాది కిరాయిని మోసే వ్యాపారం. షాబాన్‌లో దుకాణం ఖాళీ చేయమనడం అంటే రైతును కోతల ముందు పొలం వదలమన్నట్టే. సర్కారు పనుల క్యాలెండర్ రాసేవాళ్లు కూడా ఇది చూడాలి.

సర్కారు చేయగలిగింది

పెద్ద ప్యాకేజీ ఏమీ అక్కర్లేదు. రోడ్డు, మెట్రో సర్వేల్లో ఓనరు పేరు పక్కనే మల్గీలో నడిచే వ్యాపారం, నడిపేవాడి పేరు, ఎన్నేళ్ల నుంచి అన్నది రాయడానికి ఒక గడి పెట్టాలి. 2013లో పెట్టిన రూ.25,000ను ఈనాటి ఖర్చుకు తగ్గట్టు పెంచాలి. సర్కారు పని వల్ల మారాల్సి వచ్చినవాళ్లకు కొత్త లైసెన్సుల ఫీజు మాఫీ చేయాలి. స్టేషన్లు కట్టాక వాటి కింద వచ్చే చిన్న దుకాణాల్లో కొన్నింటిని ఆ రోడ్డు మీద వ్యాపారం పోగొట్టుకున్నవాళ్లకే ముందు చూపించాలి. లేకపోతే మెట్రో వచ్చాక కిరాయిలు పెరుగుతాయి, పెద్ద బ్రాండ్లు వస్తాయి. ఆ రోడ్డు కోసం లేచిపోయినవాడు అదే రోడ్డు మీద మళ్లీ కూర్చోలేడు.

పాతబస్తీకి మెట్రో కావాలని అక్కడివాళ్లే ఏళ్ల తరబడి అడిగారు. అది రావాల్సిందే. దాని కోసం షట్టర్ దించినవాడి పేరు కూడా ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఈలోగా ప్రతి చిన్న కాఫీ దుకాణదారుడు ఈ రోజే చేయగలిగిన పని ఒకటుంది. వచ్చే నెల కిరాయి నగదుగా కాకుండా బ్యాంకు ద్వారా ఇచ్చి, ఆ రసీదు దాచుకోవడం. మూడేళ్ల తర్వాత ఎవరైనా వచ్చి ‘నువ్వు ఇక్కడ ఉన్నావనడానికి రుజువేంటి’ అని అడిగితే చూపించడానికి పనికొచ్చేది ఆ కాగితమే.